కోత పండుగ వేలంలో మా ప్రాసెసర్

నిన్న సాయంత్రం పీర్జాదిగూడలోని మా ఫ్లాట్‌లో, డైనింగ్ టేబుల్ మీద పాత దుప్పటి పరిచి, ఆన్‌లైన్‌లో తెప్పించిన మదర్‌బోర్డు డబ్బా విప్పగానే, ఆ వెండిరంగు కవరులోంచి వచ్చిన వాసన నన్ను కాసేపు ఏ పనీ చేయనివ్వలేదు. కొత్త ప్లాస్టిక్కూ, వార్నిషూ, ఎక్కడో సన్నగా మాడుతున్న చింతగింజా కలిసినట్టుంటుంది ఆ వాసన. మా అమ్మాయి మాత్రం ముక్కు మూసుకుని, ముందు రంగురంగుల లైట్లు వెలిగే ఫ్యాన్ల డబ్బా ఎక్కడుందని వెతికింది. ఆ ఫ్యాన్లు నేను తెప్పించలేదు. కంప్యూటర్‌కని పక్కన పెట్టిన డబ్బులో మూడోవంతు లైట్లకే పోస్తానంటే ఊరుకునే వంశం కాదు మాది. కంప్యూటర్ చదువుకోవడానికా, బతుకమ్మ లాగా పేర్చి చూసుకోవడానికా అని ఒక్క మాటన్నాను. అది మూతి ముడుచుకుంది. ముడుచుకోనీ. వాళ్ళ పెద్దమ్మ, అంటే మా కరుణక్క, ఇంతకంటే గట్టి మనుషుల ఎదుట ఇంతకంటే తక్కువ డబ్బుతో ఒక్కొక్క సామానూ ఎంచుకుంది.

అప్పట్లో మేము నాచారంలో, ఫ్యాక్టరీల వెనక సందులో రెండు గదుల రేకుల ఇంట్లో ఉండేవాళ్ళం. గాలి ఎటునుంచి వీస్తే ఆ వాసన మాది. పొద్దున బిస్కెట్లు కాలుతున్న తీపి వాసన, మధ్యాహ్నం మందుల కంపెనీ ఘాటు, సాయంత్రం సైరను మోగాక షిఫ్టు దిగి వచ్చే మగవాళ్ళ చొక్కాల నుంచి గ్రీసు వాసన. వాన పడితే రేకుల చప్పుడుకు ఎవరి మాటా ఎవరికీ వినబడేది కాదు, ఇంట్లో తగువులన్నీ వానాకాలంలో వాటంతట అవే ఆగిపోయేవి. దసరా దాటాక ఉప్పల్ చౌరస్తాలో జనగామ వైపు నుంచి వచ్చిన సీతాఫలాల గంపలు దిగేవి, మెత్తబడ్డవి ఏరి తక్కువకు తెచ్చి అమ్మ బియ్యంలో మాగబెట్టేది, మేము పిల్లలం గింజలు ఎవరు ఎక్కువ దూరం ఉమ్ముతారో పందెం వేసుకుని, ఓడినవాళ్ళకు అష్టాచెమ్మలో రెండు కాయలు తగ్గించి ఆడించేవాళ్ళం. చీకటి పడుతుంటే పక్క షెడ్డులో వెల్డింగు మొదలయ్యేది. అది మొదలైతే మా బల్బు ఎర్రగా కుంచించుకుపోయేది, ఆగితే మళ్ళీ భగ్గున వెలిగేది.

మా బాపు సీసాల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది, హుక్కులూ కాజాలూ కుట్టడంలో ఆ సందులో ఆమె చేతికి తిరుగులేదని పేరు. అక్క ఇంటర్ అయ్యాక ఉప్పల్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు టైపింగ్, పేజీ మేకప్ నేర్చుకుంది. రామంతాపూర్‌లో ప్రింటింగ్ ప్రెస్ నడిపే ఒకాయన ఆమె వేగం చూసి, సొంత కంప్యూటర్ ఉంటే క్రిస్మస్ సీజన్ నుంచి పెళ్ళికార్డులూ, సువార్త సభల కరపత్రాలూ ఇంటికే ఇస్తాననీ, సీజన్‌కు అందకపోతే ఇంకొకరిని చూసుకుంటాననీ చెప్పాడు. ఇటు బాపు తన ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షన్‌కు అక్క పేరు చెప్పి పెట్టాడు. చెడ్డ మనసుతో కాదు, చేతిలో ఉన్న పిట్టను వదలొద్దని ఆయన సిద్ధాంతం. నిలబడి సీసాలకు గడ్డి చుట్టడం తనవల్ల కాదని అక్క ఏడవలేదు, అలగలేదు. క్రిస్మస్ దాకా ఆగమంది, కంప్యూటర్ రాకపోతే తానే వచ్చి గేటు దగ్గర నిలబడతానంది. బాపు ఒప్పుకున్నాడు. అక్క అన్న మాట అంటే అన్నట్టే అని ఆయనకు తెలుసు.

కంపెనీ కంప్యూటర్ ధర వినే మేము వెనక్కి వచ్చేశాం. విడివిడిగా సామాన్లు కొని బిగించుకోవాలి, అదొక్కటే దారి. మా సలహాదారు ప్రకాశం మామ, అమ్మ తమ్ముడు, అంబర్‌పేటలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరు. జేబులో ఎప్పుడూ స్క్రూడ్రైవర్ పెట్టుకుని తిరిగేవాడు గానీ దానితో ఆయన ఏదైనా విప్పగా మేము చూడలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక మా ఇంట్లో కూర్చుని, బగారా అన్నం మీద ఇంకాస్త కూర వేయించుకుంటూ, గ్రాఫిక్స్ కార్డు లేకపోతే పరువు పోతుందనీ, స్పీకర్లు నాలుగుండాలనీ చెప్పేవాడు. నీ ఇంట్లో ఎన్నున్నాయి మామా అని అక్క అడిగితే, మా ఇంట్లో కంప్యూటర్ ఎక్కడిది అని నవ్వేసేవాడు. మంచివాడు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారుకు మమ్మల్ని ఎన్నిసార్లు తీసుకెళ్ళాడో, ఎన్నిసార్లు తన డబ్బుతో సమోసాలు తినిపించాడో లెక్కలేదు.

ఆ బజారులో అక్కను చూడాల్సింది. దుకాణంవాడు మెరిసే డబ్బాలు వరుసగా పెడుతుంటే, ఈమె చున్నీ కొంగు నడుముకు చుట్టుకుని, ఇది లేకపోతే నా టైపింగ్ ఆగుతుందా అని ఒక్కటే ప్రశ్న అడిగేది. ఆగదంటే ఆ డబ్బా పక్కకు పోయేది. గ్రాఫిక్స్ కార్డు పోయింది, స్పీకర్లు పోయాయి. మెమరీ ఒక్క ముక్క చాలంది, రెండోది పెట్టే చోటు ఖాళీగా ఉన్న బోర్డే కావాలంది, రేపు డబ్బొస్తే అందులో పెట్టుకోవచ్చని. కీబోర్డు దగ్గర మాత్రం బేరం లేదు. రోజంతా వేళ్ళు ఆడాల్సింది దాని మీదే కాబట్టి, టకటకా మోగే బరువైనది, దుకాణంలో అన్నిటికంటే ఖరీదైనది తీసుకుంది. మామ నోరు తెరిచాడు. వెల్డింగు షెడ్డు పక్కన బతికేవాళ్ళం కాబట్టి పవర్ సప్లై కూడా గట్టిదే ఉండాలనీ, యూపీఎస్ తప్పదనీ, అందుకోసం మానిటర్ సెకండ్ హ్యాండ్‌దైనా ఫరవాలేదనీ తేల్చింది. ఉప్పల్‌లో మూతబడుతున్న ఇంటర్నెట్ సెంటరులో ఒక లావుపాటి మానిటర్‌కు మాట ఇచ్చి, డబ్బు చివర్లో ఇస్తామని చెప్పి వచ్చాం.

సామాన్లు ఒక్కొక్కటే ఇంటికి చేరాయి. అమ్మ కుట్టుకూలీ, అక్క ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకు నేర్పి తెచ్చుకున్నది, బాపు ఓవర్‌టైమూ ఏ వారం ఎంత మిగిలితే అంతకు సరిపడే ముక్క. క్యాబినెట్‌ను కుట్టుమిషన్ కింద పెడితే నేను దాని తలుపు తీసి లోపల బొమ్మల పెళ్ళి చేశాను. హార్డ్ డిస్కును అక్క అల్మారాలో తన బట్టల మధ్య పెట్టి తాళం వేసింది. సందులో ఆడవాళ్ళు వరుసగా వచ్చి చూసి, ఇన్ని ముక్కలు ఎట్ల కలుస్తయ్ పిల్లా అని ఆశ్చర్యపోయి, పోతూ పోతూ జాకెట్ల మాట కదిపి వెళ్ళేవాళ్ళు. నవంబరు వచ్చేసరికి అన్నీ ఉన్నాయి, మానిటర్ తప్ప. దాని డబ్బు అక్క చేతిసంచిలో సిద్ధంగా ఉంది. కోత పండుగ అయిన మర్నాడే బిగించుకుందామని మామ అన్నాడు.

మా చర్చిలో కోత పండుగ అంటే క్రిస్మస్‌కు ముందు వచ్చే చిన్న క్రిస్మస్. పొలాలు వదిలి పట్నం వచ్చినవాళ్ళమే అయినా దేవునికి మొదటి పంట ఇచ్చే అలవాటు ఎవరమూ వదల్లేదు. పంట లేనివాళ్ళు పనిలోంచి తెచ్చేవారు. కోళ్ళు, గుమ్మడికాయలు, కొత్త బియ్యం, వాటి పక్కన బిస్కెట్ డబ్బాలు, గాజు సీసాలు, కుట్టిన లంగాలు, సకినాల గంపలు, అన్నీ బలిపీఠం ముందు గుట్టలుగా ఉండేవి. ఆరాధన అయ్యాక బయట షామియానా కింద వాటిని వేలం వేసేవారు. మామూలు వేలం కాదది. వస్తువు ఇచ్చిన ఇంటివాళ్ళే సాధారణంగా కాస్త ఎక్కువకు పాడుకుని దాన్ని తిరిగి ఇంటికి తీసుకుపోయేవారు, మధ్యలో మిగతావాళ్ళు ఒకటి రెండు పాటలు పెంచితే అది ఆ ఇంటికి చేసే మర్యాద. వేలంలో కొన్న బియ్యం గుప్పెడు ఇంట్లో డ్రమ్ములో కలిపితే ఏడాదంతా కొరత ఉండదని, దాన్ని బయటికి ఇవ్వకూడదని మా పెద్దవాళ్ళ నమ్మకం. మేము ఏటా రేకుల మీద పాకిన గుమ్మడికాయ ఇచ్చి, మేమే పాడుకుని, మర్నాడు దప్పళం పెట్టుకునేవాళ్ళం.

అక్కకు తెలియనిదొకటి ఉంది. ప్రెస్ ఆయన మాట ఇచ్చిన రోజునే అమ్మ ప్రార్థనలో మొక్కుకుందట, ఈ కంప్యూటర్‌లో మొదటి పాలు నీదేనని. పండుగ ముందు వారం ఆ సంగతి బయటపెడితే, అక్క తెలివిగా, మౌస్ కింద వేసే చిన్న ప్యాడు తీసి అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ దాన్ని రెండువైపులా తిప్పి చూసి, మిగిలింది ఇస్తే దాన్ని కానుక అనరు, ముష్టి అంటారంది. తర్వాత మామను పక్కకు పిలిచి, ఈ సామాన్లన్నిట్లో ప్రాణం ఏది అని అడిగింది. ఎవరైనా ఏదైనా అడిగితే పొంగిపోయే మా మామ, ప్రాసెసరే అక్కా, అది లేకుంటే మిగిలిందంత ఇనుపసామాను అని చెప్పేశాడు.

ఆ ఆదివారం చర్చిలో మా అక్క చూపు గుమ్మడికాయ కోసం వెతికి, దాని పక్కన ఇత్తడి పళ్ళెంలో బంతిపూల మధ్య మెరుస్తున్న చదరపు బిళ్ళ దగ్గర ఆగింది. అగ్గిపెట్టె అంత కూడా లేదు. కింద సన్నటి సూదుల్లాంటి కాళ్ళు. అక్క నా చెయ్యి పట్టుకున్న పట్టుకు గాజు పగిలింది. అమ్మ మాత్రం నిబ్బరంగా పాటల పుస్తకం తిప్పుతూ ఉంది. ఆమె లెక్క ఆమెకుంది. మనమే ఇస్తాం, మనమే నాలుగు రూపాయలు ఎక్కువేసి పాడుకుంటాం, మొక్కు తీరుతుంది, వస్తువు ఇంటికొస్తుంది, గుమ్మడికాయ లాగే.

వేలం వేసే పెద్దాయన దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, గిదేంది అని అడిగితే షామియానా అంతా నవ్వింది. ముందు వరుసలోంచి చేతులు మారుతూ వెళ్ళింది, ఒకామె వాసన చూసింది, ఒకాయన అద్దాలు పైకెత్తి చూశాడు. అక్క సూదులూ సూదులూ అని గొణుగుతూనే ఉంది. అప్పుడు అమ్మ లేచి నిలబడింది. మామూలుగా నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు.

"అది మా కరుణ బతుకుదెరువు," అంది. "దేవునికిచ్చినం."

అంతే. నవ్వు ఆగిపోయింది. ఆ మాటే మా కొంప ముంచింది. గుమ్మడికాయకైతే ఒకటి రెండు పాటలు పెంచి ఆగేవాళ్ళు, ఒక ఆడపిల్ల బతుకుదెరువుకు ఒకటి రెండు పాటలేం సరిపోతాయి? మర్యాద చేయాలంటే గట్టిగానే చేయాలి. బాపు తోటి కార్మికులు పెంచారు, జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు పెంచారు, మా పిల్ల అని ఒకరు, మన సందు పిల్ల అని ఇంకొకరు. ప్రేమకొద్దీ పెంచుతున్నవాళ్ళను ఆగమని అనే పద్ధతి ఆ వేలంలో లేదు. అక్క ప్రతి పాట మీదా పాట పాడింది. పాట చేతిసంచిలో ఉన్న మానిటర్ డబ్బును దాటిన చోట కూర్చుంది. చివరికి వెనక కుర్చీలోంచి, అంతవరకూ ఒక్కసారీ పాడని దానమ్మ పెద్దమ్మ చెయ్యెత్తింది. సర్కారు దవాఖానాలో ఆయాగా చేసి రిటైరైన మనిషి, భర్త పోయాడు, పిల్లలు లేరు, చర్చి వెనకే ఒంటరి ఇల్లు. మూడోసారి అనేశారు. ఆమె దాన్ని కొంగులో కట్టుకుని, అందరికీ దండం పెట్టి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. అమ్మకు అప్పుడు గానీ జరిగింది అర్థం కాలేదు. దేవుడు దారి చూపుతాడు అని ఒకసారి అంది గానీ, ఆ మాట ఆమెకే నమ్మకంగా వినిపించలేదు. బాపు ప్యాకింగ్ సెక్షన్ మాట ఎత్తలేదు, ఎత్తకపోవడమే ఎక్కువ బాధగా ఉండింది. ఇంకో ప్రాసెసర్ కొంటే మానిటర్ లేదు, మానిటర్ కొంటే ప్రాసెసర్ లేదు, సీజన్ ముంగిట్లో ఉంది. అక్క ముఖం కడుక్కుని వచ్చి, అమ్మతో ఒక్క మాట మాట్లాడకుండా, నన్ను వెంటబెట్టుకుని దానమ్మ ఇంటికి నడిచింది.

దానమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి, కుంకుమపువ్వు రంగు గరిజెలు, అదే కజ్జికాయలు, పెట్టి, మాట మధ్యలో అక్క తల నిమిరింది. అక్క పుట్టినప్పుడు దవాఖానాలో మొదట ఎత్తుకున్నది తనేనట, అందుకే ఆమె బతుకుదెరువును ఎవరికో పోనివ్వడం ఇష్టంలేక పాడిందట. ఆ బిళ్ళను దూదిలో చుట్టి డబ్బాలో పెట్టి ఎక్కడ దాచిందో తెలుసా? బియ్యం డ్రమ్ములో. వేలంలో వచ్చింది ఏదైనా అందులోకే పోవాలని ఆమె పట్టుదల. అక్క డబ్బు సంచి తీసి ముందు పెట్టింది. ఆమె దాన్ని వెనక్కి జరిపింది.

"దేవుని కాడ తెచ్చుకున్నది బిడ్డా. ఇల్లు దాటించొద్దు. గట్ల జేస్తె నీకే మంచిది గాదు."

నేను ఏడుపు మొదలుపెట్టాను. అక్క మాత్రం ఆ ముందుగదిని ఒకసారి చూసింది. కిటికీ పక్కన ఖాళీ బల్ల, గోడకు మూడు రంధ్రాల ప్లగ్గు, వెల్డింగు షెడ్డుకు దూరం.

"ఇల్లు దాటొద్దు, గంతే గద పెద్దమ్మా? దాటదు. కంప్యూటరే ఈడికి తెస్త. నేను పొద్దుగాల్ల వచ్చి పని జేసుకుని పోత."

దానమ్మ లేచి ఆ ఖాళీ బల్ల మీది దుమ్ము కొంగుతో తుడిచింది. "అట్లయితె రా," అంది. "ఛాయ్ ఒక్కదాన్నే తాగుతున్న ఎన్నేండ్ల సంది."

అలా, ఒక చిన్న బిళ్ళ కదలదన్నందుకు మిగతా కంప్యూటరంతా దాని దగ్గరికి వెళ్ళింది. మంగళవారం మామా, బాపూ, నేనూ తలా ఒకటి మోసుకుని సందులు దాటాం. మానిటర్‌ను ఆటోలో ఒడిలో పెట్టుకుని అక్క ఉప్పల్ నుంచి తెచ్చింది. బియ్యంలోంచి తీసిన ప్రాసెసర్ మీద తెల్లటి పిండి ఉంటే ఊదాం. మూలన ఒక కాలు వంగి ఉంది, వేలంలో ఎవరి వేలు తగిలిందో. అది సరిగ్గా నిలబడకపోతే బోర్డులో దిగదు, విరిగితే అంతే సంగతులు. మామ స్క్రూడ్రైవర్ తీయబోతే అక్క ఆయన చెయ్యి పట్టుకుంది. అమ్మను పిలుచుకు రమ్మని నన్ను పంపింది. ఆదివారం తర్వాత వాళ్ళిద్దరి మధ్యా పోయిన మొదటి కబురు అదే. అమ్మ పరుగున వచ్చింది, చీర కొంగుకు గుచ్చిన సూది తీసి, కిటికీ వెలుగుకు తిప్పుకుని, ఊపిరి బిగబట్టి ఆ కాలును నిలబెట్టింది. అక్క దాన్ని అందుకుని బోర్డులో దించితే మెత్తగా దిగింది. తెర మీద అక్షరాలు పరుగెత్తినప్పుడు అక్క అమ్మ భుజం మీద తల ఆనించింది, అమ్మ ఏడ్చింది, నేను సంతోషం పట్టలేక దానమ్మ మంచం మీద ఎగిరాను.

సీజన్ అందింది. ఆ డిసెంబరంతా చర్చి వెనక ఇంట్లో కీబోర్డు టకటకలాడింది. దానమ్మ బల్ల పక్కన పీట వేసుకుని కూరగాయలు తరుగుతూ, పెళ్ళికార్డుల్లో వధూవరుల పేర్లు వచ్చినప్పుడల్లా వాళ్ళ ఊరేదని అడిగేది, తెలిసిన ఊరైతే వాళ్ళ తాతల సంగతి మొదలుపెట్టేది. కంప్యూటర్‌కు దిష్టి తగలకూడదని తెర మీద తెల్లటి గుడ్డ కప్పేది, దాని మీద తనే కుట్టిన ఎర్రపువ్వు. ఏడాది తిరిగినా అక్క దాన్ని మా ఇంటికి తేలేదు. రెండో మెమరీ ముక్క కొన్నా, కొత్త మానిటర్ కొన్నా ఆ గదిలోనే పెట్టింది. నేను పదో తరగతి లెక్కలు ఆ బల్ల కిందే చేశాను.

నేను డిగ్రీలో ఉండగా దానమ్మ పోయింది. జ్ఞాపకార్థ కూడిక కార్డు అక్కే టైపు చేసింది, ఆ గదిలోనే. కింద ఆహ్వానించువారి పేర్లు వేయాల్సిన చోట ఎవరిని వేయాలో సంఘపెద్దలకు తోచలేదు. అక్క ఎవరినీ అడగకుండా కుమార్తె అని వేసి తన పేరు పెట్టింది. అచ్చుకు పోయే ముందు తప్పులు చూడమని అమ్మకు ఇచ్చింది. అమ్మ ఆ వరుస మీద వేలు పెట్టింది. నాకు భయం వేసింది.

"పైన నా పేరు గుడ పెట్టు," అంది. "చెల్లె అని."

ఆ ఇల్లు ఇప్పుడు లేదు, అక్కడ లిఫ్టున్న బిల్డింగు లేచింది. సీసాల ఫ్యాక్టరీ మూతబడి గోదామైంది. పెళ్ళికార్డులు ఫోన్లలోనే వస్తున్నాయి కాబట్టి అక్క కాప్రాలో స్కూళ్ళకు ప్రశ్నపత్రాలు చేసిపెడుతోంది, వేగం తగ్గలేదు, మొండితనం అసలే తగ్గలేదు. కోత పండుగ జరుగుతుంది గానీ వేలం ఎత్తేశారు, కవరులో డబ్బు పెట్టి ఇస్తే సరి, లేదా గోడకు అంటించిన చదరాన్ని ఫోన్‌తో స్కాన్ చేస్తే సరి. నా సామాన్లు నాలుగు రోజుల్లో నలుగురు డెలివరీ అబ్బాయిల చేతుల మీద గుమ్మంలోకి వచ్చాయి. ధర దిగేదాకా ఓపిక పట్టి, కూపన్లు కలిపి, అన్నీ తక్కువకే కొన్నాను, అందుకు నాకు సంతోషమే. ఎదుటి తలుపులు మూసే ఉన్నాయి. మా పిల్ల కోసం పాట పెంచేవాళ్ళు ఈ ఐదంతస్తుల్లో ఒక్కరూ లేరు.